గోడలు మెట్లు మెట్లుగా ఎందుకు వస్తున్నాయి? క్యాడ్ నుంచి రెండర్ దాకా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పాలమూరు, నల్లగొండ ప్రాంతాలవి. ఆటోక్యాడ్‌లో చక్కగా కనబడిన డ్రాయింగ్, ఫొటోలాంటి త్రీడీ బొమ్మ తీసే రెండరింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి తీసుకోగానే చెడిపోతోందన్నదే వాటన్నింటిలోని ఫిర్యాదు. దాదాపు అందరూ రెండరింగ్ సాఫ్ట్‌వేర్‌నే తప్పుపట్టారు. కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనాలా అని అడిగినవారూ ఉన్నారు. కింది సమస్యల్లో ఒక్కదానికీ కొత్త కార్డు అవసరం లేదు. దోషం కనబడుతున్నది రెండర్‌లోనే అయినా, అది పుట్టింది అంతకు ముందే, డ్రాయింగ్‌లో.

ప్రశ్న: జడ్చర్ల దగ్గర ఒక వెంచర్‌కు లేఅవుట్‌తో పాటు నమూనా ఇంటిని కూడా మేమే గీస్తున్నాం. సర్వేయర్ డీజీపీఎస్ (ఉపగ్రహాల సాయంతో కొలిచే పరికరం)తో కొలిచి ఇచ్చిన డ్రాయింగ్ మీదే ఇంటి గోడలు గీసి, డీఎక్స్ఎఫ్ ఫైల్‌గా బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చాను. గోడల అంచులు మెట్లు మెట్లుగా వచ్చాయి. కొన్ని గోడలకు మందమే లేదు, రెండు గీతలూ ఒకటైపోయాయి. వ్యూ తిప్పుతుంటే మోడల్ వణుకుతోంది. ఆటోక్యాడ్‌లో అదే ఫైల్ నిక్షేపంగా ఉంది. ఫైల్ పాడైందా?
— ఒక డ్రాఫ్ట్స్‌మన్, మహబూబ్‌నగర్

జవాబు: ఫైల్ పాడవలేదండి. మీ ఇల్లు సున్నా బిందువుకు చాలా దూరంలో ఉండటమే దీనికి కారణం. ఆటోక్యాడ్‌లో ‘ఐడీ’ అని టైప్ చేసి ఒక గోడ మూలను నొక్కి చూడండి. ఎక్స్ విలువ 1,95,000 ప్రాంతంలోనూ వై విలువ 18,50,000కు పైననూ కనబడితే, అవి యూటీఎం (భూమిని నిలువు పట్టీలుగా, అంటే జోన్లుగా, విడదీసి కొలిచే) పద్ధతిలో మీటర్లలో ఇచ్చిన నిర్దేశాంకాలని అర్థం. వై విలువ భూమధ్యరేఖ నుంచి ఉత్తరానికి ఉన్న దూరం. జడ్చర్ల అక్కడి నుంచి 1,850 కిలోమీటర్లకు పైచిలుకు దూరంలో ఉంది కాబట్టే ఆ సంఖ్య అంత పెద్దదైంది.

ఆటోక్యాడ్ ప్రతి నిర్దేశాంకాన్ని 64 బిట్ల సంఖ్యగా దాచుకుంటుంది కాబట్టి దానికి 15 అంకెల వరకు కచ్చితత్వం ఉంటుంది. బ్లెండర్ మెష్ (చిన్న పలకలతో అల్లిన మోడల్)లోని బిందువులు మాత్రం 32 బిట్ల సంఖ్యలు. వాటికి నమ్మదగినవి సుమారు 7 అంకెలే. త్రీడీఎస్ మ్యాక్స్ మెష్‌లదీ ఇదే పరిస్థితి. సున్నా నుంచి దూరం పోయిన కొద్దీ గీతల మధ్య ఎడం పెరిగిపోయే కొలత టేపును ఊహించుకోండి. 18,50,000 దగ్గర ఆ టేపు మీద రెండు గీతల మధ్య ఎడం సరిగ్గా 12.5 సెంటీమీటర్లు. 1,95,000 దగ్గర అది సుమారు 1.6 సెంటీమీటర్లు. ఏ బిందువైనా ఏదో ఒక గీత మీదికి జరగాల్సిందే, మధ్యలో నిలబడే వీలు లేదు. ఇప్పుడు మీ నాలుగున్నర అంగుళాల గోడను తీసుకోండి. ఉత్తరం వైపు చూసే ఆ గోడ రెండు ముఖాల మధ్య దూరం 11.4 సెంటీమీటర్లు, అంటే ఒక గీతకన్నా తక్కువ. రెండూ ఒకే గీత మీదికి జరిగితే మందం సున్నా అవుతుంది. తొమ్మిది అంగుళాల గోడ ఒకచోట 12.5, మరోచోట 25 సెంటీమీటర్లుగా తేలుతుంది. దిక్కులకు కాస్త ఏటవాలుగా ఉన్న గోడలోని బిందువులు ఒక్కొక్కటీ ఒక్కో గీత మీదికి జరుగుతాయి కాబట్టి అంచు మెట్లుగా మారుతుంది. తూర్పు, పడమరల వైపు చూసే గోడలు మీ మోడల్‌లో కొంత మెరుగ్గా ఉన్నాయేమో గమనించండి. ఉంటే కారణం ఇదేనని ఖాయం చేసుకోవచ్చు.

యూనిట్లను మిల్లీమీటర్లకు మారిస్తే సరిపోతుందని కొందరు సలహా ఇస్తారు. సరిపోదు. సంఖ్య వెయ్యి రెట్లవుతుంది, దానితోపాటు గీతల మధ్య ఎడమూ పెరుగుతుంది. ఆ లెక్కలో అది 128 మిల్లీమీటర్లు. యూసీఎస్‌ను, అంటే మనకు కావలసినచోట పెట్టుకునే సున్నాను, ఇంటి మూలకు మార్చడం ఇంకో పొరపాటు సలహా. దాంతో తెర మీద సున్నా కనబడుతుంది గానీ, ఎగుమతి అయ్యే ఫైల్‌లోకి వెళ్లేవి ప్రపంచ నిర్దేశాంకాలే.

చేయవలసింది వస్తువులను నిజంగా జరపడం. ముందు ఫైల్‌కు ఒక నకలు తీయండి. ఫ్రీజ్ చేసిన, లాక్ చేసిన లేయర్లను తెరవండి. లేకపోతే ‘ఆల్’ అని ఎంచుకున్నప్పుడు అవి చేరవు, తరువాత ఇంటికి చెట్లు, రోడ్డు దూరమైపోతాయి. ఒక హద్దు రాయిని మూలంగా తీసుకుని, దాని ఎక్స్, వై, జెడ్ విలువలను డ్రాయింగ్‌లోనే ఒక టెక్స్ట్‌గా రాసి ఉంచండి. ‘మూవ్’ ఆదేశంలో మొదటి బిందువుగా ఆ రాయిని నొక్కి, రెండో బిందువుగా #0,0,0 అని కొట్టండి. ముందున్న హ్యాష్ గుర్తును మరవవద్దు. డైనమిక్ ఇన్‌పుట్ ఆన్‌లో ఉన్నప్పుడు ఉత్త సున్నాలు కొడితే ఆటోక్యాడ్ దాన్ని ‘ఉన్నచోటు నుంచి సున్నా దూరం’ అని అర్థం చేసుకుంటుంది, ఏదీ కదలదు. ఆ తరువాత జూమ్ ఎక్స్‌టెంట్స్ ఇవ్వండి. ఇల్లు తెర నిండా కనబడాలి. అలా కాక చిన్న చుక్కలా కనబడితే ఎక్కడో దూరాన ఒక అనాథ బిందువో, ఖాళీ టెక్స్టో మిగిలి ఉందన్నమాట. దాన్ని వెతికి తీసేయండి.

జెడ్ విలువను కూడా జరపమన్నది ఊరికే కాదు. మహబూబ్‌నగర్, జడ్చర్ల ప్రాంతం సముద్ర మట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తున ఉంటుంది. సర్వే బిందువులు ఆ ఎత్తులోనూ, మీరు గీసిన గోడలు సున్నాలోనూ ఉంటే, బ్లెండర్‌లో ఇల్లు నేలకు అర కిలోమీటరు కింద ఉంటుంది. నేల ఎత్తుపల్లాలు చూపే కాంటూర్లను మాత్రం ‘ఫ్లాటెన్’ (అన్నింటినీ ఒకే ఎత్తుకు తేవడం) చేయకండి. అది ఇంటి ప్లాన్ గీతలకే పనికివస్తుంది.

మీ జిల్లాకే ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది. యూటీఎం పద్ధతిలో 78 డిగ్రీల తూర్పు రేఖాంశం 43, 44 జోన్లకు సరిహద్దు. ఆ రేఖ మహబూబ్‌నగర్ పట్టణాన్ని ఆనుకునే పోతుంది. జడ్చర్ల 44లో ఉంది. దేవరకద్ర, నారాయణపేట 43లో ఉన్నాయి. పట్టణం చుట్టుపక్కల సర్వేలు, సర్వేయర్ ఎంచుకున్నదాన్నిబట్టి, ఏ జోన్‌లోనైనా రావచ్చు. పక్కపక్క సర్వే నంబర్ల డ్రాయింగులు రెండు జోన్లలో వస్తే, ఒకదాంట్లో ఎక్స్ విలువ 8,20,000 దగ్గర, ఇంకోదాంట్లో 1,80,000 దగ్గర ఉంటుంది. అంటే కంప్యూటర్ దృష్టిలో ఆ రెండు స్థలాల మధ్య 640 కిలోమీటర్ల దూరం. ఒకదాన్ని జరిపి రెండోదాని పక్కన పెడితే సరిపోతుందనుకోవద్దు. జోన్ అంచున గ్రిడ్ ఉత్తరం (డ్రాయింగ్‌లో నిలువు గీత చూపే దిక్కు) అసలు ఉత్తరానికి కొంచెం పక్కకు తిరిగి ఉంటుంది. రెండు జోన్లలో ఆ తిరుగుడు ఎదురెదురు దిశల్లో ఉండటం వల్ల రెండు డ్రాయింగుల మధ్య సుమారు 1.7 డిగ్రీల తేడా వస్తుంది. వంద మీటర్ల హద్దు మీద అది మూడు మీటర్లు. రొటేట్ చేసి కంటికి సరిపెట్టుకోవడం కన్నా, రెండూ ఒకే జోన్‌లో ఇవ్వమని సర్వేయర్‌ను అడగడం మంచిది. ఆయనకది పెద్ద పని కాదు.

ఇల్లు సున్నాకు వచ్చాక ఎండ ఏ వైపు నుంచి పడాలో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. సూర్యుడి స్థానం అడిగేచోట అక్షాంశం 16.76, రేఖాంశం 78.14 అని ఇవ్వండి.

ప్రశ్న: 30×50 స్థలంలో కట్టిన ఇంటికి వంటగది డిజైన్ చేస్తున్నాను. ఇంజినీర్ ఇచ్చిన ప్లాన్‌ను స్కెచప్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లోకి తెస్తే, అందులో పెట్టిన ఫ్రిజ్ ఇంటికన్నా పెద్దదిగా కనబడింది. ఫ్రిజ్‌కు సరిపోయేదాకా ప్లాన్‌ను పెద్దది చేశాను. ఇప్పుడు టైల్స్ సైజు, కౌంటర్ ఎత్తు ఏవీ కుదరడం లేదు.
— ఒక ఇంటీరియర్ డిజైనర్, దేవరకొండ

జవాబు: మన దగ్గర ప్లాటు గజాల్లో, ఇల్లు అడుగులు అంగుళాల్లో, సర్వే మీటర్లలో, ఫ్యాక్టరీ నుంచి వచ్చే ప్లైవుడ్, హార్డ్‌వేర్ మిల్లీమీటర్లలో ఉంటాయి. మీ 166 గజాల స్థలం ఈ నాలుగింటినీ ఒకే ఫైల్‌లో చూడవలసి వచ్చింది. ఆటోక్యాడ్‌లో అడుగులు, అంగుళాల పద్ధతిలో గీస్తే ఒక యూనిట్ అంటే ఒక అంగుళం, కాబట్టి 30 అడుగులు 360 యూనిట్లు. స్కెచప్ దాన్ని మిల్లీమీటర్లుగా చదివితే ఇల్లు 36 సెంటీమీటర్ల వెడల్పున వస్తుంది. అందుకే ఫ్రిజ్ పెద్దదైంది.

మీరు పెద్దది చేసిన ప్లాన్‌ను వదిలేసి మళ్లీ ఇంపోర్ట్ చేయండి. ఫైల్‌ను ఎంచుకునేటప్పుడు కనబడే ఆప్షన్స్‌లో యూనిట్లను ‘ఇంచెస్’ అని పెట్టండి. అసలు ఫైల్ మీ చేతిలోనే ఉంటే ఆటోక్యాడ్‌లో ‘ఇన్‌స్‌యూనిట్స్’ విలువ చూడండి: 0 అంటే యూనిట్ చెప్పలేదని, 1 అంగుళాలని, 2 అడుగులని, 4 మిల్లీమీటర్లని, 6 మీటర్లని అర్థం. మన ఆఫీసుల నుంచి వచ్చే ఫైళ్లలో 0 తరచుగా కనబడుతుంది. అప్పుడు స్కెచప్ తనకు తోచినట్టు ఊహిస్తుంది. ‘యూనిట్స్’ డబ్బాలో పైన ఉండే పొడవు రకాన్ని మారిస్తే కనబడే తీరు మారుతుంది తప్ప గీతల కొలత మారదని గుర్తుంచుకోండి.

ఏ యూనిట్ తప్పిందో తెలియనప్పుడు మీకు నిజమైన కొలత తెలిసిన ఒక వస్తువును కొలిచి, ఉండవలసిన కొలతతో భాగించండి. 25.4 రెట్ల తేడా ఉంటే అంగుళం, మిల్లీమీటరు కలగలిశాయి, 12 అయితే అడుగు, అంగుళం, 39.37 అయితే మీటరు, అంగుళం, 304.8 అయితే అడుగు, మిల్లీమీటరు. ఇవి కాక 1.07 లాంటి సంఖ్య వస్తే అది యూనిట్ల తప్పు కాదు, ఎవరో కంటితో సాగదీసిన ప్లాన్. ఒక హెచ్చరిక కూడా: కొలిచేటప్పుడు డైమెన్షన్ మీద రాసి ఉన్న అంకెను నమ్మకండి. గీత మార్చే ఓపిక లేక అంకెను మాత్రమే చేత్తో మార్చిన డ్రాయింగులు మన ఊళ్లలో తక్కువేమీ కాదు. ‘డిస్ట్’ ఆదేశంతో గీతనే కొలవండి.

ప్రశ్న: పానగల్లు ఛాయా సోమేశ్వరాలయాన్ని నా ప్రాజెక్టుకు మోడల్ చేస్తున్నాను. ప్లాన్ ఆటోక్యాడ్‌లో, మోడల్ స్కెచప్‌లో. రెండరర్‌లోకి తీసుకుంటే కొన్ని గోడలు మాయమవుతున్నాయి, కొన్నిచోట్ల రెండు రాళ్ల రంగులు మినుకుమినుకుమంటున్నాయి. గర్భగుడిలోకి మూలల నుంచి వెలుగు గీతలుగా కారుతోంది. అక్కడి నీడను చూపించాలన్నదే నా ప్రాజెక్టు ఉద్దేశం.
— ఒక విద్యార్థిని, నల్లగొండ

జవాబు: మీరు రాసినవి మూడు వేర్వేరు దోషాలమ్మా, మూడింటికీ ఒకే మందు లేదు.

గోడలు మాయమవడానికి కారణం ముఖాలు తిరగబడటం. త్రీడీలో ప్రతి ముఖానికీ ముందు, వెనక అని రెండు వైపులు ఉంటాయి. స్కెచప్ రెండు వైపులా చూపిస్తుంది కాబట్టి తేడా తెలియదు. చాలా రియల్ టైమ్ రెండరర్లు (కెమెరా తిప్పుతుండగానే బొమ్మ చూపేవి) వేగం కోసం వెనక వైపును గీయకుండా వదిలేస్తాయి. స్కెచప్‌లో వ్యూను ‘మోనోక్రోమ్’కు మార్చండి. ముందు వైపు తెల్లగా, వెనక వైపు నీలి బూడిద రంగులో కనబడుతుంది. బయటికి కనబడేదంతా తెల్లగా ఉండాలి. సరిగ్గా ఉన్న ఒక ముఖాన్ని ఎంచుకుని, కుడి నొక్కుతో ‘ఓరియంట్ ఫేసెస్’ ఇస్తే దానికి అంటుకుని ఉన్న ముఖాలన్నీ అదే వైపుకు తిరుగుతాయి; గ్రూపు వేరైతే మళ్లీ ఇవ్వాలి. రంగులు, రాతి టెక్స్చర్లు వేసేముందే ఈ పని ముగించండి, ఎందుకంటే వెనక వైపు వేసిన మెటీరియల్ ముఖం తిరగ్గానే లోపలికి పోతుంది. బ్లెండర్ వాడేవారు ఓవర్‌లేలో ‘ఫేస్ ఓరియంటేషన్’ చూస్తే సరి: నీలం సరైనది, ఎరుపు తిరగబడినది.

మినుకుమినుకుమనడం, ఒకే తలంలో రెండు ముఖాలు ఒకదాని మీద ఒకటి ఉండటం వల్ల వస్తుంది. ఏది ముందుందో రెండరర్ తేల్చుకోలేక ఒక క్షణం దీన్ని, మరుక్షణం దాన్ని చూపిస్తుంది. ఆలయం ప్లాన్‌లో ఇది సహజమే. మండపం గీత, గర్భగుడి గీత ఒకే గోడను రెండుసార్లు గీసి ఉంటాయి. ఆటోక్యాడ్‌లోనే ‘ఓవర్‌కిల్’ నడిపితే ఒకదానిమీద ఒకటి పడిన గీతలు తొలగిపోతాయి. ఇప్పటికే మోడల్‌గా మారినవాటిలో ఒక ముఖాన్ని తీసేయండి. మిల్లీమీటరు ఎత్తి పెట్టే చిట్కా దగ్గరి నుంచి పనిచేస్తుంది, కెమెరా దూరం పోగానే మళ్లీ మినుకుతుంది.

వెలుగు కారడం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, మీ ప్రాజెక్టుకు అదే ప్రాణం కాబట్టి. మీరు గోడలను ఒంటి ముఖంగా, మందం లేకుండా నిలబెట్టి ఉంటారని అనుకుంటున్నాను. రెండు పలచటి ముఖాలు కలిసే మూలలో వెంట్రుకవాసి సందు ఉన్నా వెలుగు దూరుతుంది. ఆ సందులు ప్లాన్ నుంచే వచ్చి ఉంటాయి: రెండు గీతలు తాకినట్టే కనబడి అర మిల్లీమీటరు ఎడంగా ఆగిపోతాయి. ఆటోక్యాడ్‌లో ‘పెడిట్’లో ‘మల్టిపుల్’, ఆ తరువాత ‘జాయిన్’ ఎంచుకుని, ఫజ్ దూరం (కలపదగిన సందు) ఒకటో రెండో మిల్లీమీటర్లు ఇస్తే ఆ చివరలు కలిసి మూసిన పాలీలైన్లు తయారవుతాయి. వాటి నుంచి గోడలను నిజమైన మందంతో లేపండి. రాతి గోడ నిజంగానే మందమైనది. మోడల్‌లోనూ అలాగే ఉండాలి. కప్పు గోడలకు తాకి ఆగకుండా, గోడల మందంలోకి కొంత చొరబడేలా పెట్టండి.

ఆ తరువాత రెండరర్ ఎంపిక. ఆ గుడిలో గర్భగుడి గోడ మీద పగలంతా నిలిచి ఉండే స్తంభాకారపు నీడకు కారణం నేరుగా పడే ఎండ కాదని, స్తంభాల మధ్య నుంచి పలు దిశల్లో చెదిరి లోపలికి వచ్చే వెలుగు అని వివరిస్తారు. నేరుగా పడే ఎండను మాత్రమే బాగా లెక్కించే రియల్ టైమ్ రెండరర్‌లో ఆ నీడ రాకపోతే ఆశ్చర్యం లేదు. బ్లెండర్‌లోని సైకిల్స్ వంటి, వెలుగు కిరణాల దారిని వెంటాడి లెక్కించే ఇంజిన్ వాడండి. దాంట్లో గోడల మీద చెదిరే వెలుగుకు సహజంగా 4 మార్లు తగిలి తిరిగే పరిమితి ఉంటుంది. లోపలి గదులకు 8 వరకు పెంచి చూడండి. ఒక సంగతి గమనించండి: సైకిల్స్‌లో తిరగబడ్డ ముఖం కూడా వెలుగును ఆపుతుంది, కాబట్టి అక్కడ వెలుగు కారితే ముఖాల దిశను అనుమానించకండి, సందును వెతకండి. స్తంభాల మధ్య దూరాలు, గడప ఎత్తు ఊహించి పెడితే నీడ ఎక్కడో పడుతుంది. వాటిని గుడికి వెళ్లి టేపుతో కొలుచుకురండి.

ప్రశ్న: మాది రైస్ మిల్లు యంత్రాలు తయారుచేసే షెడ్డు. వడ్లు శుభ్రం చేసే యంత్రం కేటలాగు బొమ్మ కోసం, డిజైనర్ ఇచ్చిన స్టెప్ ఫైల్ (యంత్ర భాగాల క్యాడ్ ఫైల్)ను ఎస్టీఎల్ (త్రిభుజాల మెష్ ఫైల్)గా మార్చి తెరిస్తే పుల్లీలు పలకలు పలకలుగా, బోల్టులు అయిదు మూలలతో వచ్చాయి. నాణ్యత పెంచితే కంప్యూటర్ నిలిచిపోతోంది.
— ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: స్టెప్ ఫైల్‌లో గుండ్రని తలం ఒక సమీకరణంగా ఉంటుంది, కచ్చితమైన గుండ్రంగా. రెండరింగ్‌కు కావలసినవి త్రిభుజాలు. ఈ మార్పిడిలో అసలు వంపుకూ త్రిభుజపు అంచుకూ మధ్య ఎంత ఎడం సహించాలో మీరు ఒక సంఖ్య ఇస్తారు. మీ కష్టమంతా ఆ ఒక్క సంఖ్యలో ఉంది. 1 మిల్లీమీటరు ఇస్తే, 300 మిల్లీమీటర్ల వ్యాసార్ధం గల పుల్లీకి 39 పలకలు వస్తాయి. అదే కొలతతో 10 మిల్లీమీటర్ల వ్యాసం గల బోల్టుకు వచ్చేవి అయిదే. 0.1 ఇస్తే పుల్లీకి 122, బోల్టుకు 16. ఎడాన్ని పదో వంతుకు తగ్గిస్తే పలకలు దాదాపు మూడు రెట్లే పెరుగుతాయి కాబట్టి పుల్లీలు, బోల్టుల వల్ల మీ కంప్యూటర్ ఆగిపోతోందని నేననుకోను.

నా అనుమానం జల్లెడల మీద. 16 పలకల రంధ్రం ఒకటి, లోపలి గోడకు 32, చుట్టూ ఉన్న పైతలానికి, కింది తలానికి కలిపి 36, మొత్తం 68 త్రిభుజాలు తింటుంది. 5,000 రంధ్రాల జల్లెడ ఒక్కటే 3,40,000 త్రిభుజాలు. అలాంటివి యంత్రంలో రెండు మూడు ఉంటాయి, ఆపైన ఎలివేటర్ బకెట్లన్నింటి బోల్టులకూ మరలు చెక్కి ఉంటాయి. కేటలాగు బొమ్మలో ఇవేవీ కనబడవు. మరల గాట్లను డిజైనర్ చేత తీయించండి. జల్లెడను రంధ్రాలు లేని పలకగా మార్చి, రంధ్రాలున్నచోట పారదర్శకంగా ఉండే ఒక చిత్రాన్ని దాని మీద పరచండి. జల్లెడను దగ్గరి నుంచి చూపే బొమ్మ ఒకటి కావాలంటే ఆ ఒక్కదానికి అసలు రంధ్రాలు ఉంచుకోవచ్చు.

మార్పిడికి ఉచితంగా దొరికే ఫ్రీక్యాడ్ చాలు. స్టెప్ ఫైల్ తెరిచి, మెష్ వర్క్‌బెంచ్‌లో తలం విచలనం 0.1 మిల్లీమీటరు, కోణపు విచలనం 15 డిగ్రీల దగ్గర మొదలుపెట్టండి; చిన్న బోల్టులు మూలలు తేలకుండా కాపాడేది ఆ రెండోదే. ఎస్టీఎల్‌ను మాత్రం మానుకోండి. అందులో యూనిట్ ఉండదు, రంగు ఉండదు, భాగాల పేర్లు ఉండవు. హాపర్‌కు ఒక రంగు, ఫ్రేముకు ఇంకో రంగు వేయాలంటే ప్రతి భాగాన్నీ మళ్లీ విడదీసుకోవాలి. ఓబీజే అనే ఇంకో రకం ఫైల్‌గా ఇస్తే భాగాలు విడివిడిగా నిలుస్తాయి. బ్లెండర్ ఒక యూనిట్‌ను మీటరుగా చూస్తుంది కాబట్టి మిల్లీమీటర్ల ఓబీజే వెయ్యి రెట్లు పెద్దదిగా వస్తుంది; 0.001కి తగ్గించి, కంట్రోల్-ఏ తో ఆ స్కేల్‌ను ఖాయం చేయండి.

ప్రశ్న: మా ఊరి కమాన్ డిజైన్‌లో ‘స్వాగతం’ అన్న అక్షరాలు ఆటోక్యాడ్‌లో బాగున్నాయి. వేరే కంప్యూటర్‌లో తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాల కుప్ప. బ్లెండర్‌లో కొత్తగా టైప్ చేస్తే వత్తు విడిపోయింది.
— ఒక పాఠకుడు, వనపర్తి

జవాబు: మొదటి ఫైల్‌ను అను వంటి పాత ఫాంట్‌తో గీసి ఉంటారు. అవి యూనికోడ్‌కు ముందు పద్ధతి. ఇంగ్లిష్ అక్షరాల గదుల్లో తెలుగు ముక్కలను కూర్చిన ఫాంట్లు. ఫాంట్ లేని కంప్యూటర్‌లో ఆ గదుల అసలు అక్షరాలు బయటపడతాయి. బ్లెండర్‌ది ఇంకో లోపం: దాని టెక్స్ట్ పరికరానికి మన వత్తులను, గుణింతాలను కలిపి కూర్చడం రాదు.

ఉచితమైన ఇంక్‌స్కేప్‌లో యూనికోడ్ ఫాంట్‌తో టైప్ చేయండి. అక్కడ వత్తులు సరిగ్గా కూర్చుంటాయి. ‘పాత్’ మెనూలో ‘ఆబ్జెక్ట్ టు పాత్’ ఇచ్చాక అవి అక్షరాలు కావు, ఉత్త గీతలు. ఇక ఏ ఫాంటూ అక్కర్లేదు. ఎస్వీజీగా దాచి బ్లెండర్‌లోకి తీసుకుని, మందం ఇవ్వండి. చాలా చిన్నదిగా వస్తుంది, భయపడి మళ్లీ మళ్లీ ఇంపోర్ట్ చేయకండి, సున్నా బిందువు దగ్గర వెతకండి. సున్నలోపలి బోలు పూడిపోతే ఇంక్‌స్కేప్‌కు వెళ్లి, గ్రూపు విడదీసి, ‘కంబైన్’ ఇచ్చి తీసుకురండి. పాత ఫాంట్ అక్షరాలే కావాలంటే, ఆ ఫాంట్ ఉన్న ఫ్లెక్సీ షాపులోనే వాటిని గీతలుగా మార్పించి తెచ్చుకోండి.

ప్రశ్న: సివిల్ త్రీడీ (రోడ్లు, నేల డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్)లో చేసిన డీడబ్ల్యూజీ ఫైల్ ఇచ్చారు. స్కెచప్‌లోకి తెస్తే ఖాళీ.
— ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: అందులోని వస్తువులు ఆటోక్యాడ్ మామూలు గీతలు కావు, సివిల్ త్రీడీకే అర్థమయ్యే రకం. ఇచ్చినవారినే ‘ఎక్స్‌పోర్ట్ టు ఆటోక్యాడ్’ ఆదేశంతో మామూలు డీడబ్ల్యూజీగా మార్చి, జతచేసిన ఎక్స్‌రెఫ్‌లను (బయటి డ్రాయింగులను) ‘బైండ్’ చేసి, 2013 ఫార్మాట్‌లో దాచి పంపమనండి. వచ్చాక తప్పులు దిద్దే ‘ఆడిట్’, ఆ తరువాత వాడనివాటిని తీసేసే ‘పర్జ్’ నడపండి.

ప్రశ్న: మున్సిపాలిటీ అనుమతికి ఆన్‌లైన్‌లో పెట్టిన డ్రాయింగే రెండర్‌కూ వాడుతున్నాను. ప్రతిసారీ శుభ్రం చేయడానికే రోజు గడిచిపోతోంది. వేరే మార్గం లేదా?
— ఒక సివిల్ ఇంజినీర్, నాగర్‌కర్నూల్

జవాబు: ఉంది: శుభ్రం చేయకండి. అనుమతి కోసం తయారైన డ్రాయింగ్‌లో విస్తీర్ణం లెక్కించడానికి ప్రత్యేక లేయర్లలో మూసిన పాలీలైన్లు, గోడ గీతల మీదుగానే వేసి ఉంటాయి. పైన నల్లగొండ విద్యార్థినికి చెప్పిన మినుకుడుకు మీ ఫైల్‌లో అదే మూలం అయివుంటుంది. ఆ డ్రాయింగ్ తన పని తాను చక్కగా చేసింది, త్రీడీకి మాత్రం పుట్టలేదు. రెండు మూడు అంతస్తుల ఇల్లయితే ఆ ప్లాన్‌ను సరైన యూనిట్లతో, సున్నా దగ్గర పెట్టి, లాక్ చేసి, దాని మీద గోడలను కొత్తగా గీసుకోవడమే నా సలహా. అలవాటున్నవారికి ఒక పూట పని. అపార్టుమెంటో, ఫంక్షన్ హాలో అయితే శుభ్రం చేయడమే మేలు. అప్పుడు కూడా గోడలు, తలుపులు, కిటికీల లేయర్లను మాత్రం ‘డబ్ల్యూబ్లాక్’తో కొత్త ఫైల్‌లోకి తీసుకుని, ఆ ఫైల్‌ను ఇంపోర్ట్ చేయండి.